హెడ్ కోచ్ కుర్చీ

ముసలి హెడ్ కోచ్ రిటైరవుతున్నాడని తెలిసిన వారంలోనే లోర్నా ఫిచ్ ఒక మంచి కోటు కొనుక్కుంది. నలభై ఆరేళ్ల జీవితంలో నీళ్లు కారని, గ్రీజు అంటని బట్టలకి ఆమె అంత డబ్బు పెట్టడం అదే మొదలు. హాల్‌స్టెడ్ యూనివర్సిటీలో ఆడపిల్లల పడవ పందేల జట్టుకి ఆమె పద్నాలుగేళ్లుగా అసిస్టెంట్ కోచ్. ఇంటర్వ్యూకి ఆ కోటే వేసుకుని వెళ్లింది. బాగానే మాట్లాడాననుకుంది.

పది రోజుల తర్వాత క్రీడల డైరెక్టర్ డ్వైట్ కెంప్ ఆమెని గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. కాఫీ ఇప్పించాడు. కాఫీ వచ్చిందంటేనే లోర్నాకి సగం అర్థమైపోయింది.

"నది గురించి నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు లోర్నా. అందులో రెండో మాట లేదు," అన్నాడు. "కానీ హెడ్ కోచ్ సగం రోజులు నది మొహమే చూడడు. డబ్బున్న వాళ్లతో భోజనాలు, బడ్జెట్లు, తల్లిదండ్రులు, నాలాంటి వాళ్లు. ఆ పనికి వేరే మనిషి కావాలి."

"ఎవరిని తీసుకున్నారు?"

"విన్నావంటే నువ్వే సంతోషిస్తావ్. మన పిల్లే. మారెన్ ఓస్బీ."

సంతోషించాల్సిన మాటే. పదమూడేళ్ల కిందట కాలేజీ భోజనశాల వరసలో రెండు పళ్లేల నిండా బంగాళాదుంప ముద్ద పెట్టుకుని నిలబడ్డ ఆరడుగుల పిల్లని చూసి, "ఏమ్మా, పడవ ఎక్కుతావా?" అని అడిగింది లోర్నాయే. తెడ్డు ఎటు పట్టుకోవాలో తెలియని పిల్ల. అరచేతులు బొబ్బలెక్కి ఏడుస్తుంటే టేపు చుట్టింది లోర్నా. ఆ పిల్ల తర్వాత దేశం జట్టులో పడవ నడిపింది, పశ్చిమ తీరంలో పెద్ద యూనివర్సిటీలో కోచింగ్ చేసింది, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఆ ఫొటోలు చూపించి "మా పిల్ల" అని గొప్పలు చెప్పుకున్నదీ లోర్నాయే. దూరంగా ఉన్నన్నాళ్లూ ఆ గొప్ప తియ్యగానే ఉంది. వచ్చి నెత్తిన కూర్చునేసరికి చేదెక్కింది.

ఆగస్టులో మారెన్ వచ్చింది. పడవల షెడ్డులో లోర్నాని చూడగానే పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది.

"కోచ్! మీరు లేకపోతే నేను ఈ ఉద్యోగం ఒప్పుకునేదాన్నే కాదు."

"నేనిక్కడే ఉన్నాగా. ఎక్కడికి పోతాను," అంది లోర్నా. నవ్వింది కూడా. ఆ నవ్వు మొహం మీద ఎంతసేపు ఉంచాలో తెలియక కాస్త ఎక్కువసేపే ఉంచింది.

హాల్‌స్టెడ్ రాష్ట్ర ప్రభుత్వానిది. అక్కడి వాళ్ల జీతాలన్నీ ఏటా అక్టోబరులో పేపరు వాళ్లు బయటపెడతారు. ఆ ఊళ్లో ఆ రోజు ఎవరూ పని చెయ్యరు, పక్కవాడి జీతం చూస్తారు. షెడ్డులో పడవలు బాగుచేసే ఎమెట్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఫోన్లో చదివాడు. అతనికి అరవై ఎనిమిదేళ్లు. నోటికి తాళం వేసుకోవడం ఏనాడూ నేర్చుకోలేదు.

"మారెన్ ఓస్బీ, హెడ్ కోచ్. లక్షా ఇరవై రెండు వేల డాలర్లు. లోర్నా ఫిచ్... యాభై నాలుగు. ఒసేయ్ అమ్మాయ్, నిన్ను రెండుసార్లు కలిపినా ఆ పిల్లకి సరిపోవు!"

"నీది చదువు పెద్దాయనా, నవ్వుకుందాం," అంది లోర్నా. కానీ చేతిలోని పానా బిగించాల్సిన దానికంటే రెండు చుట్లు ఎక్కువ బిగిసింది.

ఆ రోజు నుంచి కడుపులో ఒక కుంపటి రాజుకుంది. పొద్దున్న అయిదింటికి మోటారు పడవలో చలికి బిగుసుకుపోయేది తను. తెడ్ల కొలతలు సరిచేసేది, పడవ ఎరగని కొత్త పిల్లలకి ఓపికగా నేర్పేది, సాయంత్రాలు హైస్కూలు పిల్లల ఇళ్లకి ఫోన్లు చేసి మన కాలేజీకి రమ్మని బతిమాలేది తను. మారెన్ ఎనిమిదింటికి నది ఒడ్డుకొచ్చి కాసేపు చూసి, తల దువ్వుకుని ఎవరితోనో భోజనానికి వెళ్లిపోయేది. పైఅంతస్తులో నది వైపు పెద్ద కిటికీ ఉన్న గది ఆమెది. లోర్నాది మెట్ల కింద, తడి సాక్సుల వాసన వచ్చే గది.

జీతం కంటే ఎక్కువ కాల్చింది ఇంకొకటి. ఒకరోజు కోరిన్ అనే నాలుగో ఏడాది పిల్ల మొహం వెలిగిపోతూ వచ్చింది.

"కోచ్ ఫిచ్, ఓస్బీ కోచ్ ఒక చిట్కా చెప్పారు! తెడ్డు నీళ్లలోంచి తీసేటప్పుడు మణికట్టు తిప్పకూడదట, బయటి చేత్తో గడప మీద పిండి దులిపినట్టు నెట్టాలట. ఒక్క రోజులో మారిపోయింది!"

గడప మీద పిండి. ఆ మాట లోర్నాదే. పదమూడేళ్ల కిందట మారెన్‌కి చెప్పింది. ఇదే కోరిన్‌కి మూడేళ్లుగా చెబుతూనే ఉంది. తన నోట్లోంచి వస్తే గాలికి పోయిన మాట, లక్షా ఇరవై రెండు వేల నోట్లోంచి వస్తే వేదమైంది.

"మంచిది తల్లీ, అలాగే చెయ్యి," అంది లోర్నా.

నవంబరులో హ్యాడ్లీ ప్రెస్కాట్ సంగతి తేలాల్సి వచ్చింది. హ్యాడ్లీ ఆపిల్ తోటల వాళ్లమ్మాయి. ఆరడుగుల ఒక అంగుళం. రెండేళ్ల కిందట ఒక పల్లె హైస్కూల్లో వాలీబాల్ ఆడుతుంటే లోర్నా కనిపెట్టింది. అలాంటి పిల్ల పదేళ్లకొకసారి దొరుకుతుంది. హాల్‌స్టెడ్‌కి వస్తానని సగం మాట ఇచ్చేసింది కూడా. అవతల ప్రత్యర్థి కాలేజీ ఒకటి వెంటపడుతోంది. మారెన్ తోటకి వెళ్లి భోజనం చేసి వచ్చింది. అంతా బాగానే జరిగిందని చెప్పింది.

రెండు రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, హ్యాడ్లీ తల్లి లోర్నాకి ఫోన్ చేసింది.

"మీరు మాతో రెండేళ్ల నుంచీ మాట్లాడుతున్నారు, మీ మాట మీద నాకు నమ్మకం. అందుకే దాచకుండా అడుగుతున్నా. ఆ ఓస్బీ అమ్మాయి మాకు నచ్చింది. కానీ అంత పేరున్న మనిషి మీ దగ్గర నాలుగేళ్లూ ఉంటుందా? మా పిల్లని ఒకరి చేతిలో పెట్టి, ఏడాది తిరక్కుండా ఇంకొకరి చేతిలో చూడలేను."

ఉంటుందని చెప్పొచ్చు. నాకు తెలీదు, ఆమెనే అడగండి అని కూడా చెప్పొచ్చు. లోర్నా పొయ్యి మీద సూపు కలుపుతూ ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడంలోనే సగం పని అయిపోయింది.

"నా నోటితో నేనేం చెప్పను మిసెస్ ప్రెస్కాట్," అంది నెమ్మదిగా. "కానీ అలాంటి వాళ్లకి మాలాంటి చోటు మెట్టే కదా. మెట్టు మీద ఎవరైనా ఎంతసేపు నిలబడతారు?"

"అర్థమైంది. మీ మేలు మర్చిపోను," అంది ఆ తల్లి.

ఆ బుధవారం హ్యాడ్లీ ప్రత్యర్థి కాలేజీకి సంతకం చేసింది. కబురు తెలిసి మారెన్ మెట్ల కింద గదికే దిగొచ్చింది. తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేనేం తప్పు మాట్లాడానో అర్థం కావట్లేదు కోచ్. బాగా పొగరుగా కనిపించానా? మీరు వచ్చుంటే ఇలా అయ్యేది కాదు."

"పిల్లలు కదా, గాలి ఎటు వీస్తే అటు," అంది లోర్నా.

ఆ సాయంత్రం ఆమెకి ఒక చెంచాడు తేనె నాకినంత సుఖంగా ఉంది. తెల్లారేసరికి ఆ తీపి పోయింది. రెండేళ్లు తను చేసిన పని కూడా దాంతో పాటే పోయిందని అప్పుడు తట్టింది. తన చేత్తో నాటిన మొక్కని, పక్కదాని నీడ పడుతోందని తనే పీకేసుకుంది. అయినా ఎవరితోనూ అనలేదు. చలికాలమంతా అది లోపల అలాగే పడి ఉంది.

మార్చి మొదట్లో, నది మీద మంచు ఇంకా విడవకముందే, మారెన్ నడుం పట్టేసింది. పడవ నడిపిన వాళ్లందరికీ నడుం ఎప్పుడో ఒకప్పుడు వడ్డీతో సహా అడుగుతుంది. ఆపరేషన్ అన్నారు. ఎనిమిది వారాలు పనికి రాకూడదన్నారు. డ్వైట్ కెంప్ లోర్నాని పిలిచి పైగది తాళాలు ఇచ్చాడు. ఈసారి కాఫీ ఇప్పించలేదు.

"తాత్కాలిక హెడ్ కోచ్‌వి. ఆ వారాలకి జీతం కూడా పెంచుతాం," అన్నాడు.

లోర్నా తాళం తీసి, నది వైపు కిటికీ ముందు ఆ కుర్చీలో కూర్చుంది. పద్నాలుగేళ్లు. కుర్చీ ఎత్తు సరిచేసుకుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. సరిగ్గా నాలుగు నిమిషాలు ఆనందంగా ఉంది. అప్పుడు ఫోన్ మోగింది.

ఇక అది ఆగలేదు. వర్జీనియా పందేనికి బస్సు కంపెనీ ఒప్పుకున్న ధర కాదంది. నలభై ఒక్కమంది పిల్లలు వారంలో ఎన్ని గంటలు సాధన చేశారో ఒక్కొక్కరికీ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఒక తండ్రి తన కూతురు రెండో పడవలో ఎందుకుందని రోజూ పొద్దున్న తొమ్మిదింటికి నియమంగా ఫోన్ చేసేవాడు. కొత్త పడవ కొనిస్తానన్న ఒక ముసలావిడ, దాని మీద చనిపోయిన భర్త పేరుతో పాటు ఆయన కుక్క పేరు కూడా వేయించాలంది. ఆమెతో మూడు భోజనాలు అయ్యాయి. మూడింటికీ లోర్నా ఆ మంచి కోటే వేసుకుంది. మూడోసారికి కుక్క కథ ఆమెకి కంఠతా వచ్చేసింది. వచ్చే ఏడాది బడ్జెట్‌లో నూటికి తొమ్మిది కొయ్యాలని డ్వైట్ కబురు పంపాడు. ఏది కొయ్యాలో నువ్వే చెప్పు అన్నాడు.

అన్నిటికంటే కష్టమైంది కోరిన్ సంగతి. వర్జీనియాకి ఇరవై ముగ్గురినే తీసుకెళ్లడానికి డబ్బుంది. లెక్క ప్రకారం కోరిన్ ఇరవై నాలుగోది. ఆ పిల్లకి అదే ఆఖరి ఏడాది.

"నన్ను పడవ ఎక్కించింది మీరే కదా కోచ్," అంది కోరిన్, ఆ పెద్ద బల్లకి అవతల నిలబడి. "మీరు కూడా ఇలాగేనా?"

ఇన్నేళ్లూ ఇలాంటి మాటలు పైగదిలో ఎవరో చెప్పేవారు. ఏడుస్తూ కిందికి దిగొచ్చిన పిల్లలకి టేపు చుట్టడం, టీ ఇవ్వడం లోర్నా పని. ఇప్పుడు కింద ఎవరున్నారో ఆమెకి తెలియలేదు.

"ఇలాగే తల్లీ," అంది. "క్షమించు." ఆ పిల్ల తలుపు మెల్లగా మూసి వెళ్లింది. విసిరికొట్టినా బాగుండేది.

మంచు విడిచాక కొత్త పిల్లల్ని ఎవరు చూడాలని ప్రశ్న వచ్చింది. వేరే దారి లేక ఎమెట్‌ని పెట్టింది. కుర్రతనంలో అతనూ పడవ నడిపినవాడే. పదకొండు రోజులు లోర్నా నీళ్లమీదికి వెళ్లలేకపోయింది. పన్నెండో రోజు పొద్దున్న బస్సు కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, కింద పొగమంచులో మోటారు పడవ, దాని పక్కన కొత్త పిల్లల ఎనిమిది తెడ్ల పడవ కనిపించాయి. ఎనిమిది తెడ్లూ మొదటిసారి ఒక్కసారే నీళ్లలో పడ్డాయి. తెడ్లన్నీ కలిస్తేనే పడవ కింద వచ్చే నీటి గలగల అంతెత్తుకి కూడా వినిపించింది. ఆ చప్పుడు విని పిల్లలు కేరింతలు కొట్టారు. ఎమెట్ టోపీ గాల్లోకి ఎగరేసి వాళ్లకంటే గట్టిగా అరిచాడు.

ఏటా ఆ చప్పుడు వాళ్లతో కలిసి మొదట వినేది తను. గంటకి పద్దెనిమిది డాలర్ల ముసలాడిని చూసి లోర్నా కడుపు భగ్గుమంది. మారెన్ మీద కూడా అంత మండలేదు. ఆ మంట తగిలాకే ఆమెకి తన మీద తనకి సిగ్గేసింది. పైనున్నా కిందున్నా ఎవరో ఒకరిని చూసి ఏడ్చే రోగం తనదని, కుర్చీది కాదని తెలిసొచ్చింది.

ఏప్రిల్ మధ్యలో డ్వైట్ పిలిచాడు.

"ఆ ప్రెస్కాట్ అమ్మాయి మన చెయ్యి ఎలా జారిందో ఇప్పుడు తెలిసింది. అవతలి కాలేజీ డైరెక్టర్ విందులో నవ్వుతూ చెప్పాడు. మారెన్ ఎక్కువకాలం ఉండదని మన లోపలి వాళ్లే ఎవరో ఆ తల్లికి చెప్పారట. విచిత్రం చూడు, మారెన్ ఇక్కడ ఆరేళ్లకి సంతకం పెట్టింది. పశ్చిమ తీరం వాళ్లు ఇంతకంటే ఎక్కువిస్తామన్నా ఉండకుండా వచ్చింది. ఎవరై ఉంటారంటావ్?"

"నాకేం తెలుసు? నేనెందుకు చెబుతాను?" అంది లోర్నా. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు ఆ రెండో ప్రశ్న ఆమె నోట్లోంచి ఊడిపడింది. డ్వైట్ ఆమె మొహంలోకి చూశాడు.

మర్నాడు పొద్దున్నే లోర్నా మారెన్ ఇంటికి వెళ్లింది. మారెన్‌ని డాక్టరు ఇంకా కూర్చోనివ్వడం లేదు. వంటింటి గట్టు దగ్గర నిలబడి గుడ్లు తింటోంది.

"నీతో ఒక మాట చెప్పాలి," అంది లోర్నా. కోటు గుండీలు కూడా విప్పలేదు. "ప్రెస్కాట్ వాళ్లావిడకి నువ్వు ఉండవని చెప్పింది నేనే."

మారెన్ ఫోర్కు కింద పెట్టింది.

"తెలుసు. డిసెంబరులోనే తెలిసింది. ఆవిడే చెప్పింది నాకు. క్రిస్మస్ కార్డులో రాసింది, మీ లోర్నా ఎంత నిజాయితీ గల మనిషో అని."

"మరి... ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు?"

"మీరెప్పుడు చెబుతారో చూద్దామని. నాలుగు నెలలు పట్టింది."

"నన్ను తీసెయ్యలేకపోయావా?"

"రెండుసార్లు ఉత్తరం రాశాను. రెండుసార్లూ చింపేశాను. ప్రేమతో అనుకోకండి కోచ్. కొత్త పిల్లలకి మీలా నేర్పేవాళ్లు ఈ దేశంలో అయిదుగురు లేరు, వాళ్లు యాభై నాలుగు వేలకి రారు. అందుకు." మారెన్ పళ్లెం పక్కకి నెట్టింది. "నాకేం బాధో తెలుసా? మీకు నా జీతం మీద కోపం ఉంటే, నీకంత ఇస్తూ నాకెందుకు ఇవ్వరు అని నా మొహం మీదే అడగాల్సింది. నేను మీ పక్కన నిలబడి పోట్లాడేదాన్ని. మీరు నన్ను అడగలేదు. నా వెనక పిల్లని పోగొట్టారు."

"అడగడానికి నామోషీ అనిపించింది."

"ఇది అనిపించలేదా?"

లోర్నా మాట మార్చింది, "ఆ మణికట్టు మాట, గడప మీద పిండి. అది నాదని కోరిన్‌కి నువ్వు చెప్పలేదు."

మారెన్ తెల్లబోయి చూసింది. "అది మీదా? నిజంగా గుర్తులేదు. మొదటి నుంచీ నాకు తెలుసనే అనుకుంటున్నా." తర్వాత మెల్లగా అంది, "డ్వైట్‌కి మీరే చెప్పండి. నా చేత చెప్పించకండి."

లోర్నా ఆ మధ్యాహ్నమే డ్వైట్‌కి చెప్పింది. ఉద్యోగం పోలేదు. పోకుండా మారెన్ అడ్డుపడిందని తర్వాత తెలిసింది. ఆమె ఫైల్లో ఒక మందలింపు ఉత్తరం చేరింది, ఆ ఏడు జీతం పెంపు లేదన్నారు, ఏడాదిపాటు హైస్కూలు పిల్లల ఇళ్లకి ఒంటరిగా ఫోన్ చెయ్యకూడదన్నారు. ఆ చివరిది అన్నిటికంటే గట్టిగా తగిలింది. ఎమెట్ మాత్రం విషయం విని తల గోక్కుని, "పడవ మునిగేలా చిల్లు పెట్టేవాళ్లని చూశాను గానీ, తను కూర్చున్న వైపే పెట్టుకున్నదాన్ని నిన్నే చూశా," అన్నాడు.

మే నెలలో మారెన్ తిరిగొచ్చింది. లోర్నా తాళాలు బల్ల మీద పెట్టి కిందికి దిగింది. ఇద్దరి మధ్యా పని మాటలే. తెడ్లు, గాలి, బస్సు వేళలు. "కోచ్" అనడం మారెన్ మానలేదు కానీ, ఆ మాటలో మునుపటి వెచ్చదనం లేదు.

ఆఖరి పందేలకి పడవల ట్రైలర్ కట్టిన లారీ లోర్నా నడపాలి. ఏడు గంటల దారి. పిల్లల బస్సులో కూర్చుంటే నడుం పట్టేస్తుందని, లారీ అయితే ఎక్కడంటే అక్కడ ఆపించుకోవచ్చని, మారెన్ అందులోనే ఎక్కింది. మూడు గంటలూ రేడియో ఒక్కటే మాట్లాడింది. దారిలో మూతబడ్డ పెద్ద సామాన్ల దుకాణం ఒకటి కనిపిస్తే, నడుం చాపుకోవాలి ఆపమంది మారెన్. దాని ముందు కార్లు నిలపడానికి గీతలు గీసిన ఎకరాల కొద్దీ ఖాళీ స్థలం. లోర్నా అరవై అడుగుల బండిని ఒక్క ఊపులో వెనక్కి నడిపి నీడలో పెట్టింది.

మారెన్ కిందికి దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని చూసింది.

"ఇది నాకు రాదు," అంది. "ఎన్నిసార్లు ప్రయత్నించినా ట్రైలర్ అడ్డం తిరుగుతుంది. నేర్పుతారా?"

లోర్నా లోపల పాత కుంపటి చప్పున ఎర్రబడింది. కుర్చీ ఆమెది, జీతం ఆమెది, గడప మీద పిండి కూడా ఆమెదే అయింది. మిగిలింది ఇదొక్కటి. ఇదీ కావాలట. స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. ఆ మంట ఉందని ఒప్పుకుంది, కానీ ఈసారి దాని మాట వినలేదు. పక్కకి జరిగింది.

"ఎక్కు. అద్దాలు సరిచేసుకో. చెయ్యి స్టీరింగ్ పైన కాదు, కింద పట్టుకో."

"కిందా?"

"ఆఁ, అడుగున. అప్పుడు చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది. నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. అమ్మాయ్, ఆగు ఆగు, పడవలు ఆ స్తంభానికి కొడతాయ్! ముందుకి తీసుకో. మళ్లీ."

ఎనిమిదోసారికి ట్రైలర్ వంకరగానైనా గీతల మధ్య నిలబడింది. మారెన్ చెమట తుడుచుకుంది. పగలబడి నవ్వలేదు గానీ, ఆగస్టు తర్వాత మొదటిసారి లోర్నా వైపు తిరిగి మామూలుగా చూసింది.

"ఇది మీరు నేర్పారని గుర్తుంచుకుంటాను," అంది.

"ఉంచుకోకపోతే నేనే అడుగుతాను. ఈసారి మొహం మీదే," అంది లోర్నా. "దిగు. ఇంకా నాలుగు గంటల దారుంది."

ఆ పందేల్లో మొదటి పడవకి అయిదో స్థానం వచ్చింది. కొత్త పిల్లల పడవకి రెండో స్థానం వచ్చింది. ఒడ్డున ఎవరో మారెన్‌కి అభినందనలు చెబుతుంటే, "ఆ పిల్లలు ఆవిడ పిల్లలు," అని లోర్నాని చూపించింది. లోర్నాకి అది విని గుండె నిండలేదు. కానీ కడుపు మండలేదు కూడా. తడిసిన తెడ్లు ఎత్తుకుని ట్రైలర్ వైపు నడిచింది.